బ్రిటన్ నదుల పేర్లు

మన దేశానికి విదేశీయులు పెట్టిన పేరు ఒక నది పేరు. సింధునదికి ఆవల ఉన్న పారసీకులు పదాది సకారాన్ని హకారంగా పలికేవారు. వారి నోట 'సప్త' శబ్దం 'హప్త' అయినట్లే 'సింధు' శబ్దం 'హిందు' అయినది. గ్రీకులు ఆ హకారాన్ని కూడ విడిచి 'ఇందోస్' అన్నారు. అందులోనుంచి 'ఇండియా' వచ్చినది. హిందువులు అన్న మాటా, హిందీ అనే భాష పేరూ అన్నీ ఆ ఒక్క ఏటిపేరునుంచి పుట్టినవే. నది పేరు దేశానికి, దేశం పేరు జనానికి, జనం పేరు భాషకు సంక్రమించడం మనకు బాగా పరిచితమైన కథ.

బ్రిటన్ ద్వీపంలో కథ మరొక విధంగా నడిచినది. అక్కడ దేశం పేరు మారినది, భాష మారినది, ప్రభువులు మారారు; నదుల పేర్లు మాత్రం చాలవరకు మారలేదు. క్రీ. శ. 43లో రోమనులు ఆ ద్వీపాన్ని జయించడం ఆరంభించారు. 410 ప్రాంతంలో వారి ఏలుబడి అంతరించినది. నాటికి దక్షిణ ద్వీపంలో జనసామాన్యం మాట్లాడినది కెల్టిక్ కుటుంబానికి చెందిన బ్రిటనుల భాష. నేటి వెల్ష్ భాష దాని సంతానం. రోమనుల పిమ్మట ఉత్తరసముద్రం దాటి ఆంగ్లులు, సాక్సనులు, జూట్లు వచ్చారు. తొమ్మిదవ శతాబ్దిలో డేనులు వచ్చి నిలిచారు. 1066లో నార్మనులు వచ్చి సింహాసనం ఎక్కారు. ఇందరి రాకపోకలలో బ్రిటనుల భాష ద్వీపం పడమటి అంచులకు ఒదిగిపోయినది. ఆ తొలి శతాబ్దులలో దానినుంచి ఇంగ్లీషు స్వీకరించిన మాటలు అతి స్వల్పం. నిఘంటువంతా గాలించినా వాటికి ఒక పుట చాలును.

కాని నిఘంటువును పక్కన పెట్టి దేశపటం చూస్తే దృశ్యం మారిపోతుంది. థేమ్స్, సెవెర్న్, ట్రెంట్, ఏవన్, ఎక్స్, డెర్వెంట్, డీ, టేమర్ - పెద్ద నదులలో అధికభాగం ఇంగ్లీషు పుట్టకముందటి పేర్లే. నిఘంటువులో చోటు దొరకని జనం దేశపటంలో ఎట్లా నిలిచారు? ఈ ప్రశ్న పైకి భాషావేత్తలకు మాత్రమే సంబంధించినదిగా కనిపిస్తుంది. నిజానికి ఇది ఓడిపోయిన ఒక జాతి ఏమైనదన్న ప్రశ్న.

ముందుగా ఏవన్ సంగతి చూద్దాం. షేక్‌స్పియర్ జన్మించిన స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం ఏవన్ నది ఒడ్డున ఉన్నది. బ్రిస్టల్ నగరం మీదుగా సముద్రానికి పోయేది మరొక ఏవన్. సాలిస్‌బరీ పట్టణంనుంచి దక్షిణానికి ప్రవహించేది ఇంకొక ఏవన్. స్కాట్లండులోను ఆ పేరుగల ఏళ్ళు ఉన్నవి. ఒకదానితో ఒకటి కలవని ఇన్ని నదులకు ఒకే పేరు ఎందుకు వచ్చిందని వెల్ష్ తెలిసినవారిని అడిగితే వెంటనే చెబుతారు: వారి భాషలో 'ఆవన్' అంటే నది. అంతకు మించి అర్థం లేదు. కనుక ఇంగ్లీషువారు 'ఏవన్ నది' అన్నప్పుడల్లా 'నది నది' అంటున్నారన్నమాట.

ఈ పునరుక్తి మనకు కొత్త కాదు. మున్నేరు నది అన్నా, పాలేరు వాగు అన్నా మనం చేసేది అదే. అయితే ఏరు అంటే ఏమిటో మనకు తెలుసును. ఏవన్ అంటే ఏమిటో ఇంగ్లీషువానికి తెలియదు. అక్కడ అర్థం ఇంకిపోయి శబ్దం మాత్రం మిగిలినది.

అది ఎట్లా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కొత్తగా వచ్చిన సాక్సన్ రైతు ఒకడు ఒడ్డున నిలిచి, పశువులు కాచుకొంటున్న బ్రిటన్ కాపరిని చేయి చూపి 'ఇదేమిటి?' అని అడిగి ఉంటాడు. కాపరి 'ఏరు' అని ఉంటాడు. ఇంటిముందర పారే ఏటిని ఎవరూ పేరు పెట్టి పిలవరు గదా! 'ఏటికి పోయి వస్తాను' అంటారేగాని, ఏ ఏటికో చెప్పరు. అడిగినవాడు మాత్రం ఆ సామాన్యనామాన్ని విశేషనామమనుకొని ఇంటికి తీసుకొనిపోయినాడు. ఈ చిన్న పొరపాటులో మూడు విషయాలు దాగి ఉన్నవి. వచ్చినవాడు అడిగినాడు. అతనికి ఆ భాష రాదు. అయినా, సమాధానం చెప్పడానికి అక్కడ ఒకడు బ్రతికి ఉన్నాడు.

ఇట్టి పేర్లు ఇంకా ఎన్నో ఉన్నవి. ఎక్స్, ఆక్స్, ఎస్క్, అస్క్ అనే నదులన్నీ ప్రాచీనమైన 'ఇస్కా' అనే ఒక్క రూపంనుంచి వచ్చినవే. దానికి 'నీరు' అనే అర్థాన్ని చాలమంది పండితులు చెబుతారు. రోమనులు రెండు నదుల ఒడ్డున రెండు కోటలు కట్టి రెంటినీ 'ఇస్కా' అనే పిలిచారు. వాటిలో ఒకటి నేటి ఎక్సెటర్ నగరం. ఇంగ్లండు ముఖద్వారమైన డోవర్ రేవు పేరుకు మూలం 'నీళ్ళు' అనే అర్థంగల బ్రిటన్ పదం. వెల్ష్‌లో నేటికీ నీటిని 'దూర్' అంటారు. డెర్వెంట్ అనే పేరుతో ఇంగ్లండులో నాలుగు నదులు ఉన్నవి. ఓక్ వృక్షానికి వెల్ష్‌లో 'డెర్వ్' అని పేరు. ఓక్ చెట్ల నీడలో పారేది డెర్వెంట్. మహాకవి వర్డ్స్‌వర్త్ 1770లో జన్మించినది ఆ పేరుగల ఒక నది ఒడ్డుననే. 'డెర్వ్' శబ్దమూ, మన సంస్కృతంలోని 'దారు' శబ్దమూ సోదరులని భాషాశాస్త్రం నిర్ణయించినది. దేవదారు అన్నప్పుడు మనం, డెర్వెంట్ అన్నప్పుడు ఇంగ్లీషువారు, ఒకే పురాతన ధాతువును పలుకుతున్నాం.

ఇంతకన్న దగ్గరి చుట్టం డీ నది. వేల్స్ కొండలలో పుట్టి చెస్టర్ నగరం పక్కగా సముద్రానికి చేరే ఈ నదికి రోమనుల కాలంలో 'దేవా' అని పేరు. అర్థం 'దేవత'. అది మన 'దేవి' శబ్దానికి సగోత్రం. చెస్టర్‌లోని రోమన్ కోటకు కూడ ఆ పేరే పెట్టారు. క్రైస్తవమతం వచ్చి పాత దేవతలు పోయిన పిమ్మట సైతం ఆ నది మహత్త్వం జనం మనసులో పూర్తిగా చెరగలేదు. 1188లో వేల్స్ అంతటా సంచరించిన గెరాల్డ్ అనే మతాచార్యుడు ఒక వింత వ్రాశాడు: డీ నది తన రేవులను మార్చుకొంటూ ఉంటుంది, అది ఇంగ్లండు వైపు ఒరిగిందా, వేల్స్ వైపు ఒరిగిందా అని చూసి, ఆ ఏడు రెండు జాతులలో గెలుపు ఎవరిదో తీరవాసులు చెప్పుకొనేవారట. దేవతను మరచినా ఆమెను సోది అడగడం మాత్రం వారు మానలేదు.

ఇటువంటి సామ్యాలు చూసినప్పుడు మనకు ఉత్సాహం కలగడం సహజం. కాని ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. థేమ్స్ నదినే తీసుకొందాం. క్రీ. పూ. 54లో దానిని దాటిన జూలియస్ సీజర్ తన గ్రంథంలో 'తమెసిస్' అని దాని పేరు వ్రాశాడు. ఇంగ్లీషువారు దానిని 'టెమ్స్' అనే పలుకుతారు. మధ్యనున్న 'హెచ్' అక్షరం తరువాతి కాలపు పండితులు వ్రాతలో చేర్చినది. అది ఎన్నడూ నోట పలకలేదు. మనం వ్రాతను చూసి 'థేమ్స్' అని అలవాటు చేసుకొన్నాం. తమెసిస్ అనగానే మనకు వాల్మీకి ఆశ్రమం పక్కన పారిన తమసానది స్ఫురిస్తుంది. 'తమస్సు', అనగా చీకటి, అనే అర్థంగల మూలమే రెంటికీ ఆధారమని కొందరు పండితులు కూడ అన్నారు. మరికొందరు దీనిని ఒప్పుకోక, 'ప్రవహించడం' అనే అర్థంగల వేరొక ధాతువును చూపుతారు. వివాదం తీరలేదు. శబ్దసామ్యం ఒకటే బంధుత్వానికి సాక్ష్యం కాజాలదు. దారు శబ్దం విషయంలో అనేక భాషల సాక్ష్యం ఉన్నది గనుక అది నిలిచినది.

థేమ్స్ వంటి పేర్లు కెల్టిక్ భాషకన్న కూడ పురాతనమైనవి కావచ్చునన్న వాదం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో హాన్స్ క్రాహే అనే జర్మన్ పండితుడు, ఐరోపా అంతటా ఒకే తీరులో కనిపించే నదీనామాలను పోగుచేసి, అవి కెల్టిక్, జర్మానిక్ శాఖలు విడివడక పూర్వపు పొరకు చెందినవని ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతాన్ని అందరూ అంగీకరించలేదు. అయినా దానిలో ఒక వివేకం ఉన్నది. బ్రిటనులు సైతం ఒకప్పుడు ఆ ద్వీపానికి కొత్తవారే. వారు కూడ ఒడ్డున నిలిచి ఎవరినో అడిగి ఉంటారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పందొమ్మిదవ శతాబ్దిలో ఎడ్వర్డ్ ఫ్రీమన్ మొదలైన ఇంగ్లీషు చరిత్రకారులు, తమ పూర్వికులు జయించిన భాగాలలో బ్రిటనులు దాదాపు నిర్మూలమైనారని వ్రాశారు. కొందరిని చంపారు, తక్కినవారిని కొండలలోకి తరిమారు. కాబట్టి నేటి ఇంగ్లీషువారు శుద్ధమైన జర్మానిక్ సంతతి అని వారి నిశ్చయం. జాతిశుద్ధి అనే గర్వానికి ఈ చరిత్ర అనుకూలంగా ఉండినది. దీనికి వారు చూపిన ఆధారాలలో ముఖ్యమైనది ఆరవ శతాబ్దిలో గిల్డాస్ అనే బ్రిటన్ సన్యాసి చేసిన విలాపం. కాని గిల్డాస్ కూడ అందరూ చచ్చిపోయినారని చెప్పలేదు. కొందరు హతులైనారు, కొందరు సముద్రం దాటిపోయినారు, కొందరు కొండలలో దాగినారు, కొందరు ఆకలికి తాళలేక శత్రువులకు లొంగి దాసులైనారు అని అతడు వ్రాశాడు. ఈ చివరి కొందరిని చరిత్రకారులు త్వరగా దాటిపోయినారు.

నదుల పేర్లు మనలను అక్కడ ఆపుతవి. 1928లో స్వీడన్ దేశపు పండితుడు ఐలెర్ట్ ఎక్వాల్ ఇంగ్లండు నదీనామాలను సమగ్రంగా పరిశోధించి ఒక గ్రంథం ప్రకటించాడు. 1953లో కెనెత్ జాక్సన్ ప్రాచీన బ్రిటన్ భాషాచరిత్రమీద వ్రాసిన మహాగ్రంథంలో, ఆ పేర్లను పటంమీద గుర్తించి ద్వీపాన్ని నాలుగు మండలాలుగా చూపాడు. తూర్పు మైదానాలలో పెద్ద నదులకూ, కొన్ని మధ్యరకపు నదులకూ మాత్రమే పాత పేర్లు ఉన్నవి. మధ్యభాగానికి వచ్చేసరికి అట్టి పేర్ల సంఖ్య పెరుగుతుంది. ఇంకా పడమటికి పోతే చిన్న వాగులకు సైతం పాత పేర్లే. చివరిదైన వేల్స్, కార్న్‌వాల్ మండలంలో పేర్లు దాదాపు అన్నీ అవే. తూర్పునుంచి పడమటికి కొత్తవారు ఎంత నెమ్మదిగా జరిగారో, పాతవారితో ఎంతెంతకాలం కలిసి బ్రతికారో ఈ పటం చెబుతున్నది. పెద్ద నది పేరు దూరంనుంచి వినవచ్చును, వర్తకుడు చెప్పవచ్చును. పొలం గట్టున పారే పిల్లవాగు పేరు మాత్రం ఆ పొలం దున్నినవాడే చెప్పవలె.

సెవెర్న్ నది పేరులో కాలనిర్ణయానికి కూడ ఒక ఆనవాలు ఉన్నది. రెండవ శతాబ్ది ఆరంభంలో వ్రాసిన టాసిటస్ దానిని 'సబ్రీనా' అన్నాడు. వెల్ష్‌లో నేడు దాని పేరు 'హవ్రెన్'. అనగా బ్రిటనుల భాషలో కూడ, పారసీకుల నోట సింధువుకు జరిగినట్లే, పదాది సకారం హకారమైనది. ఈ మార్పు సుమారు ఆరవ శతాబ్దిలో జరిగినదని జాక్సన్ అంచనా. ఇంగ్లీషువారి నోట మాత్రం ఈనాటికీ సకారమే ఉన్నది. అంటే ఆ మార్పు స్థిరపడకముందే వారు ఆ పేరును విన్నారన్నమాట. వేల్స్ వారే మరచిన తమ పూర్వికుల ఉచ్చారణను వారిని జయించినవారి నాలుక దాచిపెట్టినది.

ఇంతమాత్రాన ఇరుజాతులూ స్నేహంగా కలిసి బ్రతికినవని భావించరాదు. 'వెల్ష్' అనే మాటకు మూలమైన ప్రాచీనాంగ్ల పదానికి 'పరాయివాడు' అని అర్థం. క్రమంగా అదే పదం 'దాసుడు' అనే అర్థంలో కూడ వాడుకకు వచ్చినది. పుట్టిన గడ్డమీదనే బ్రిటన్ పరాయివాడైనాడు. క్రీ. శ. 690 ప్రాంతంలో వెసెక్స్ రాజు ఈనె చేసిన శాసనాలలో ప్రాణానికి వెలలు నిర్ణయించి ఉన్నవి. సామాన్యుడైన ఇంగ్లీషు రైతును చంపినవాడు 200 షిల్లింగులు చెల్లించవలె. పన్ను కట్టే బ్రిటన్‌ను చంపితే 120 మాత్రమే. ఈ శాసనం అన్యాయమైనదే, కాని సాక్ష్యంగా విలువైనది. మిగలనివారి ప్రాణానికి ఎవరూ వెల కట్టరు. తమ రాజ్యంలో బ్రిటనులు ఉన్నారనీ, సగానికి కొంచెం మించిన మనుషులుగా ఉన్నారనీ ఆ రాజే ఒప్పుకొన్నాడు.

ఇటీవలి విజ్ఞానం ఈ వివాదంలో ఉభయపక్షాలనూ సవరించినది. ప్రాచీన సమాధులలోని అస్థికలను పరీక్షించి 2022లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, నాటి తూర్పు, దక్షిణ ఇంగ్లండు జనుల వంశంలో 76 శాతం వరకు ఉత్తరసముద్రానికి ఆవలి తీరాలనుంచి వచ్చినదే. కనుక వచ్చినవారు కొద్దిమంది సైనికులు మాత్రమే అన్న వాదం నిలవదు. అదే పరిశోధన, స్థానికులూ ఆగతులూ కలిసి కుటుంబాలు కట్టినట్లు, ఒకే శ్మశానంలో నిద్రించినట్లు కూడ చూపినది. కనుక నిర్మూలనవాదమూ నిలవదు. ఎముకలు ఈ సంగతి చెప్పడానికి ఎంతోకాలం ముందునుంచే నదుల పేర్లు చెబుతూ ఉన్నవి.

అన్ని నదులూ పాత పేరు నిలుపుకొన్నవని కూడ చెప్పరాదు. ఎసెక్స్ ప్రాంతంలో 'బ్లాక్‌వాటర్', అనగా నల్లనీరు, అనే ఇంగ్లీషు పేరుగల నది ఉన్నది. దాని పాత పేరు 'పాంట్'. 991లో డేనులతో మాల్డన్ దగ్గర జరిగిన యుద్ధాన్ని వర్ణించిన ప్రాచీనాంగ్ల కావ్యంలో ఆ నదిని పాత పేరుతోనే పేర్కొన్నారు. నేడు ఎగువభాగం పాంట్‌గానే మిగిలి, దిగువభాగం బ్లాక్‌వాటర్ అయినది. కొన్నిచోట్ల ఊరే నదికి పేరు పెట్టినది. కేంబ్రిడ్జిలోని నది అసలు పేరు గ్రాంటా. ఊరు 'గ్రాంటా వంతెన'. నార్మనుల నోట పడి ఊరి పేరు రూపు మారి కేంబ్రిడ్జి అయినది. అప్పుడు జనం 'వంతెన కేమ్‌మీద ఉన్నది గనుక నది పేరు కేమ్ కావలె' అని తర్కించి నదికి కొత్త పేరు పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్‌ను 'ఐసిస్' అనడం మరొక వినోదం. 'తమెసిస్' పేరును పండితులు రెండుగా విరిచి, 'థేమ్' అనే ఉపనది 'ఐసిస్'తో కలవడంవల్ల ఆ పేరు వచ్చిందని వ్యుత్పత్తి కల్పించారు. పామరుడి పొరపాటులో ఏవన్ పుట్టినది. పండితుడి పొరపాటులో ఐసిస్ పుట్టినది. మొదటిదానిలో చరిత్ర ఉన్నది, రెండవదానిలో లేదు.

పేరు నిలిస్తే చాలునా, మనుషులు నిలవనక్కరలేదా అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. డీ నదికి ట్రవెరిన్ అనే ఉపనది ఉన్నది. దాని లోయలో కాపెల్ కెలిన్ అనే పల్లె ఉండేది; అక్కడివారందరి మాట వెల్ష్. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి నీళ్ళు కావలసి, 1957లో పార్లమెంటు ఆ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టడానికి చట్టం చేసినది. వేల్స్ ప్రతినిధులు 36 మందిలో ఒక్కరు కూడ దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. అయినా చట్టం నెగ్గినది. 1965లో బడి, ప్రార్థనామందిరం, తపాలా కార్యాలయం, ఇళ్ళు, పొలాలు అన్నీ నీటి అడుగుకు పోయినవి. నాగార్జునసాగరం కిందా, శ్రీశైలం కిందా ఊళ్ళు మునిగిన మనకు ఆ బాధ వివరించి చెప్పనక్కరలేదు. 'ట్రవెరిన్‌ను మరువవద్దు' అన్న వాక్యం వేల్స్ పడమటి తీరాన ఒక మొండిగోడమీద వెలసి, ఒక జాతి నినాదమైనది. ఆ వెల్ష్ వాక్యంలో 'ట్రవెరిన్' అన్నది 'డ్రవెరిన్' అవుతుంది. మన గసడదవాదేశాన్ని తలపించే పరుషసరళాల మార్పు ఆ భాషలోనూ ఉన్నది. 2005లో లివర్‌పూల్ నగరసభ క్షమాపణ చెప్పుకొన్నది. ట్రవెరిన్ నేటికీ ట్రవెరిన్ పేరుతోనే పారుతున్నది. దాని ఒడ్డున ఆ పేరును మొదట పలికినవారి సంతతి మాత్రం ఊరు విడిచినది.

కనుక నదీనామాలు నిలవడాన్ని ఓడినవారి విజయమని పొగడడం సరి కాదు. ఏవన్ తీరాన సమాధానం చెప్పిన ఆ కాపరి మనుమలు తమ భాష మరచి ఇంగ్లీషే మాట్లాడి ఉంటారు. వాళ్ళు పాటలు, సామెతలు, దేవతల కథలు అన్నీ పోగొట్టుకొన్నారు. ఒక్క మాట మిగిలినది. కాని ఆ ఒక్క మాట మిగలకపోయి ఉంటే, అక్కడ వారెవరూ లేరన్న చరిత్రకారుని మాటకు ఎదురుండేది కాదు.

అనువాదకులు పేర్లను అనువదించరు. ఉన్నవి ఉన్నట్లు ఉంచుతారు. భూమికి, పంటకు, పశువుకు, రాజుకు, దేవునికి తమ మాటలు తెచ్చుకొన్న ఆంగ్లసాక్సనులు నది దగ్గర మాత్రం ఈ నియమాన్ని తమకు తెలియకుండానే పాటించారు. నీరు ఎక్కడ లోతు, రేవు ఎక్కడ, వరద ఎప్పుడు అన్నవి వారికి తెలియవు. తెలిసినవాడిని అడగక తప్పలేదు. జయించినవాడు ఓడినవాడి ఎదుట అజ్ఞానిగా నిలిచిన ఆ క్షణమే ఈ పేర్లలో మిగిలి ఉన్నది. స్ట్రాట్‌ఫర్డ్ వంతెనమీద నిలిచి నేడు ఎవరైనా ఆ నది పేరు అడిగితే, జవాబు చెప్పే ఇంగ్లీషువాడు పదిహేను వందల ఏళ్ళనాటి బ్రిటన్ మాటనే తిరిగి చెబుతాడు: ఏరు.